పొగగొట్టమంటే విమర్శ అయిపోతుందా?



మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పండితునిగా బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ప్రబంధంలోని పురవర్ణనకు గుణదోషాలు ఎంచమంటే ఎంచగలను. నిజమైన పురాన్ని గురించి, అందులో కట్టే భవనాలను గురించి మాట్లాడే అర్హత నీకెక్కడిదయ్యా అని మీరడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా ఈ టపా వ్రాయక తప్పలేదు. అందుకు కారణం మా చెల్లెలి మనవడు.

వాడు ఒక కళాశాలలో వాస్తుశిల్పం చదువుతున్నాడు. అయిదుగురు పిల్లలు జట్టుగా చేరి రూపకల్పనా విమర్శ అనే అంశం మీద ఎనిమిది నిమిషాల వీడియో వ్యాసమొకటి తయారుచేయాలట. వీడియో వ్యాసమంటే ఏమిటిరా అని అడిగాను. కాగితం మీద వాక్యాలతో నడిపే వాదనను తెరమీద దృశ్యాలతోను, వెనుకనుంచి వినిపించే గొంతుతోను, నడుమ నడుమ కనిపించే అక్షరాలతోను నడపడమని విడమరచి చెప్పాడు. దృశ్యకావ్యం ఉండగా దృశ్యవ్యాసం ఎందుకుండకూడదని నేను దానికా పేరు పెట్టుకున్నాను. "తాతయ్యా, వెనక మాట నువ్వే చదవాలి. మా అయిదుగురిలో ఒక్కడికీ ళకారం పలకదు" అని వ్రాతప్రతి నా చేతిలో పెట్టాడు. నా ళకారానికి ఇన్నాళ్ళకు గిరాకీ వచ్చిందని సంబరపడి ఒప్పుకున్నాను. ఆ సంబరం వ్రాతప్రతి రెండవ పుట దాకా నిలిచింది.

వాళ్ళు ఎంచుకున్న విషయం అమరావతి శాసనసభ భవనపు రూపకల్పన. కృష్ణకు ఈవల బెజవాడలో ఉన్న మాకు ఆవలి ఒడ్డున జరిగిన కథ అది. కాబట్టి పిల్లలు దాన్ని ఎంచుకోవడం సహజమే. మరచిపోయినవారి కోసం ఆ కథను క్లుప్తంగా చెబుతాను.

2014లో రాష్ట్రం విడిపోయింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వ భవనాల సముదాయానికి రూపకల్పన చేయడానికి పోటీ పెట్టారు. చివరి వడపోతలో మిగిలినవారు ముగ్గురు: జపాను దేశపు ఫుమిహికో మాకీ, ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ రోజర్స్ సంస్థ, మన అహమ్మదాబాదువాడైన బాలకృష్ణ దోషి సంస్థ. వాస్తుశిల్ప లోకంలో అత్యున్నతమని చెప్పుకొనే ప్రిట్జ్‌కర్ పురస్కారం మాకీకి 1993లో, రోజర్స్‌కు 2007లో వచ్చింది. దోషికి ఆ తరువాత 2018లో వచ్చింది. 2016 మార్చిలో న్యాయనిర్ణేతలు మాకీని ఎన్నుకున్నారు. బొమ్మలు పత్రికల్లో వచ్చాయి. శాసనసభకు, ఉన్నత న్యాయస్థానానికి ఆయన గీసిన ఎత్తైన కట్టడాలు చూసి జనం పొగగొట్టాలన్నారు, అణువిద్యుత్ కేంద్రమన్నారు. ఆ ఏడాది ముగిసేలోగానే మాకీ ఆ పనిలో లేకుండా పోయాడు. తనను తప్పించిన తీరులో పారదర్శకత లేదని ఆయన భారత వాస్తుశిల్పుల మండలికి లేఖ వ్రాశాడు. పని నార్మన్ ఫోస్టర్ సంస్థకు వెళ్ళింది. 2017లో చలనచిత్ర దర్శకుడు రాజమౌళిని సలహా అడిగారు. ఆ సంవత్సరాంతానికి సూదిమొన వంటి శిఖరంతో శాసనసభ ఆకృతి ఖరారయింది. 2019లో ప్రభుత్వం మారి పనులు ఆగిపోయాయి. 2024లో మళ్ళీ మారింది. 2025 మే 2న పనులకు తిరిగి శ్రీకారం చుట్టారు.

ఈ కథను పిల్లలు ఎలా చెప్పారో చూడండి. తొలి దృశ్యం ఆకాశంలోనుంచి కృష్ణానది, సూర్యోదయం, వీణానాదం. తరువాత మాకీ గీసిన బొమ్మ, దాని పక్కన ఒక పొగగొట్టం బొమ్మ, నవ్వు వినిపించే చప్పుడు. మళ్ళీ అదే బొమ్మ, పక్కన ఇడ్లీపాత్ర, మళ్ళీ నవ్వు. ఆ తరువాత ఫోస్టర్ బొమ్మ, దాని పక్కన ఒక సూది, మరొక నవ్వు. నడుమ నడుమ ఎవరెవరో వ్రాసిన వెటకారాలు అక్షరాలుగా ఎగిరివచ్చాయి. చివర నేను చదవవలసిన వాక్యం: "ఏది ఏమైనా అందం చూసేవారి కళ్ళలో ఉంటుంది, తీర్పు మీదే." తరువాత మళ్ళీ ఆకాశం, కృష్ణ, వీణ.

ఎనిమిది నిమిషాలూ కళ్ళు తిప్పుకోలేదు. నవ్వు వచ్చిన చోటనల్లా నవ్వాను కూడా. కళ్ళజోడు తీసి తుడుచుకున్న తరువాత ఒక ప్రశ్న పుట్టింది. ఇందులో విమర్శ ఏదీ?

నా ప్రశ్న నేను అడగకముందే మరొకరు అడిగారు. ఆ రోజు మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, కంటి పరీక్షకు బెజవాడ వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయనది రాజధాని గ్రామాలలో ఒకటి. ఎకరమున్నర జరీబు నేల భూసమీకరణకు ఇచ్చాడు. అరటి, కూరగాయలు పండించిన నేల అది. అలా ఆ గ్రామాల రైతులు ఇచ్చిన భూమి 30,000 ఎకరాలకు పైమాటే. అన్నయ్య పడకకుర్చీలో వెనక్కి వాలి అంతా చూసి, "బానే ఉందిరా అబ్బాయిలూ. ఇంతకీ నాకేదో పనిపడి ఆ అసెంబ్లీకి వెళ్ళాననుకోండి. ఎండనపడి పోయినవాణ్ణి, పిలుపు వచ్చిందాకా ఎక్కడ కూచోమంటారు?" అన్నాడు.

అయిదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడాది పొడుగునా సాగిన ఎకసెక్కాలను వాళ్ళు పోగుచేశారు. ఆ భవనంలోకి మనిషి ఏ వైపునుంచి నడిచివెళతాడన్నది వాళ్ళలో ఎవ్వరూ చూడలేదు. అన్నయ్య అడిగినదే ఆ పూట మా ఇంట్లో వినిపించిన మొదటి విమర్శ.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 2016లో ఆ బొమ్మ పత్రికలో వచ్చిన వారం ఒక సాహిత్య సమావేశంలో నేనూ దానిమీద ఆశువుగా ఒక ఆటవెలది చెప్పాను. పొగ, పొయ్యి, పాలకులు అంటూ యతి చక్కగా కుదిరింది. చప్పట్లు మోగాయి. శాలువా కప్పినవారు కూడా నవ్వుతూ కప్పారు. ఆ పద్యాన్ని ఇక్కడ వ్రాయను. అది చెప్పేనాటికి ఆ వాస్తుశిల్పి ఏమి అనుకొని ఆ ఆకారం గీశాడో నేను ఒక్క వాక్యం కూడా చదవలేదు. విద్యార్థి పద్యం చదవకుండా ప్రశ్నకు జవాబు వ్రాస్తే సున్న వేసిన చేతులివి. నాకు మాత్రం శాలువా దక్కింది.

పోలికకూ విమర్శకూ తేడా తెలియకపోవడం మన మొదటి జబ్బు. ఒక కట్టడం పొగగొట్టంలా ఉన్నదన్నామనుకోండి. అయితే ఏమిటి? చండీగఢ్ శాసనసభను లె కార్బూజియే రూపొందించినప్పుడు సభామందిరం పైన లేచిన ఆ పెద్ద గుల్ల ఆకారానికి విద్యుత్కేంద్రాలలో నీటిని చల్లార్చే గోపురాలే స్ఫూర్తి. ఎవరో ఎగతాళిగా అంటగట్టిన పోలిక కాదది, తెలిసి తెచ్చుకున్నది. ఆ గుల్ల పైనుంచి సభలోకి వెలుతురు దిగుతుంది. ఆ భవన సముదాయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఎక్కించిన సంవత్సరమేదో తెలుసునా? 2016. మనం ఇక్కడ పొగగొట్టమని పగలబడి నవ్విన సంవత్సరమే. చండీగఢ్‌ది గొప్పది గనుక మాకీది కూడా గొప్పదని నేను చెప్పడం లేదు. మాకీ ఆకృతి ఈ నేలకు, ఈ ఎండకు, ఈ సభకు తగనిదే కావచ్చు. అది తేల్చడానికి పొగగొట్టమన్న మాట ఎందుకూ పనికిరాదని మాత్రమే చెబుతున్నాను. ఆ ఆకారం లోపల ఏ పని చేస్తుంది, చేయకుండా ఊరికే నిలబడి ఉన్నదా అని అడిగితే విమర్శ మొదలవుతుంది.

ఈ అడగడం మనకు కొత్త విద్య కూడా కాదు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు ఔచిత్యం మీద ఒక గ్రంథమే వ్రాశాడు. వడ్డాణం తెచ్చి మెడలో వేసుకుంటే బంగారానికి లోటేమీ ఉండదు, నవ్వులపాలు కావడం మాత్రం తప్పదని ఆయన చెప్పిన దాని సారం. కాళిదాసు రచనలోనైనా అనుచితమని తోచిన చోటును చూపి, ఎందుకు అనుచితమో చెప్పాడు. పేరు చూసి జంకలేదు, కారణం చెప్పకుండా వదలలేదు. భాషాప్రవీణ తరగతిలో మేము కంఠస్థం చేసిన ఈ పద్ధతిని వంటింటి గట్టుకు, బస్సు ఎక్కే మెట్టుకు, శాసనసభ భవనానికి అన్వయించడానికి అడ్డేమున్నది? ఇక్కడ తగిందా, వీరికి తగిందా, ఈ పనికి తగిందా అని మూడు ప్రశ్నలు చాలు.

మన శాస్త్రాలు నేర్పిన మరొక మర్యాద పూర్వపక్షం. ఎదుటివాడి వాదాన్ని ఖండించబోయేముందు దాన్ని అతడు సైతం ఒప్పుకొనేంత నిండుగా మనమే చెప్పాలి. ఆ తరువాతనే సిద్ధాంతం. పిల్లల దృశ్యవ్యాసంలో పూర్వపక్షం లేదు. 2016లో మన ఊళ్ళోనూ లేదు. పోటీలో ఏమడిగారు, ముగ్గురు ఏమిచ్చారు, న్యాయనిర్ణేతలు ఒకరిని ఏ కారణంతో ఎన్నుకున్నారు, తరువాత ఏ కారణంతో వద్దన్నారు అన్న వరుసలో తెలుగులో మనం వాదించుకున్నది ఎంత? నవ్వి ఊరుకున్నాము. నవ్వుకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ ఉండదు. అందుచేత పాలకులకు అది మహా సౌకర్యం. జనం నవ్వారు గనుక మార్చామనవచ్చు. రేపు మరెవరో నవ్వితే మళ్ళీ మార్చవచ్చు. కారణాలు వ్రాసిపెట్టి ఉంటే అలా మార్చడం అంత తేలిక కాదు. ఎందుకు మార్చారో, మార్చినది ఆ లోపాన్ని తీర్చిందో లేదో అడగడానికి చేతిలో ఒక కాగితముంటుంది. అన్నయ్యవంటివారికి కావలసినది ఆ కాగితమే. అది ఆయనకు ఇవ్వవలసినది చదువుకున్న మనము. మనమిచ్చినది ఆటవెలది.

వెక్కిరింత బలహీనుడి ఆయుధం గదా, దాన్ని కూడా లాక్కుంటావా అని మిత్రులొకరు ఫోనులో నిలదీశారు. మన చాటుకవులు రాజులను వదలలేదు గదా అన్నారు. నిజమే. చాటువు మీద నాకు ప్రాణం. కాని మనం చెప్పుకొనే చాటుకవులు తమ పేరుతో నిలబడి, ఎదురుగా ఉన్నవాడి ఫలానా లోభాన్ని, ఫలానా అహంకారాన్ని వ్రేలుపెట్టి చూపినవారు. వినేవాడికి ఆ దోషం ముందే తెలుసు, కవి దానికి పదును పెట్టాడు. ఇక్కడ దోషమేమిటో తెలియకుండానే పదును పెట్టాము. పైగా పది మంది నవ్విన తరువాత పదకొండవవాడు కారణమడిగితే వాణ్ణి కూడా నవ్వులపాలు చేశాము. 2017లో రాజమౌళిని పిలిచినప్పుడు ఏమి జరిగిందో గుర్తుచేసుకోండి. సినిమావాడికి భవనాలతో ఏమి పని అని ఎగతాళి. అరసవల్లి ఆలయంలోలాగా సూర్యకిరణం సభలోని తెలుగుతల్లి విగ్రహం మీద పడేటట్టు చేద్దామని ఆయన ఒక వీడియోలో చూపినదాన్ని ఎంతమంది ఓపికగా తూచి చూశారు? నా మట్టుకు నాకు ఆ ఊహ శాసనసభకంటె వెండితెరకే ఎక్కువ తగుతుందనిపిస్తుంది. సభ గుడి కాదు, అక్కడ వెలుతురు పడవలసినది ప్రశ్న అడిగే సభ్యుని ముఖం మీద. చూడండి, ఇది నా విమర్శ. ఇందులో కారణమున్నది. కనుక మీరు దీన్ని ఖండించవచ్చు. "సినిమావాడు" అన్న మాటను ఖండించడం ఎలా?

ఇక "అందం చూసేవారి కళ్ళలో ఉంటుంది" అన్న ఆ చివరి వాక్యం. నా గొంతుతో దీన్ని చదవనని పిల్లలకు ఖండితంగా చెప్పాను. వినయంలాగా కనిపించే పిరికితనమది. రుచులు వేరు కావడం నిజం. పులుసులో ఉప్పు లేకపోవడం మాత్రం రుచిభేదం కిందికి రాదు. మెట్టు ఎత్తు ఎక్కువై ముసలివాడు పడితే అది అభిప్రాయభేదం కాదు. ఎనిమిది నిమిషాలు మాట్లాడి తీర్పు మీదేనంటే, ఆ ఎనిమిది నిమిషాలూ ప్రేక్షకుని దగ్గర అప్పుచేసి ఎగవేసినట్టే.

ఆ వాక్యం ఎలా పుట్టిందో ఆరాతీస్తే అసలు రోగం బయటపడింది. జట్టులో ఒకడు డ్రోను ఎగరవేశాడు. ఒకమ్మాయి బొమ్మలు సేకరించింది. ఒకడు సంగీతం వెదికాడు. ఒకడు కూర్పు చేశాడు. మా వాడు మాటలు వ్రాశాడు. పని అయిదు వాటాలయింది. తీర్పు ఎవరి వాటాకూ రాలేదు. చివరిరోజు రాత్రి ముగింపు కావలసివచ్చి, ఎవరికీ అభ్యంతరముండని వాక్యం వేశారు. ఆ అమ్మాయికి మాకీ ఆకృతి నిజంగానే నచ్చలేదు. కూర్పు చేసినవాడికి బాగా నచ్చింది. ఇద్దరూ ఆ సంగతి ఒకరితో ఒకరు అనుకోనేలేదు! తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. జట్టుగా చేసే విమర్శలో అందరూ కలిసి పంచుకోవలసినది వాదన. వాళ్ళు చాకిరీని పంచుకొని వాదనను వదిలేశారు.

అష్టావధానం చూసినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. పృచ్ఛకులు ఎనిమిదిమంది ఎనిమిది వైపులనుంచి లాగుతారు. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు అప్రస్తుతప్రసంగం. వారు అడ్డుతగిలితేనే అవధానం రక్తికడుతుంది. అందరూ కలిసి అవధానిని మెచ్చుకుంటూ కూర్చుంటే అది సన్మానసభ. జట్టులో కూడా ఒకరు ఒక వాక్యమంటే ఇంకొకరు ఆ అక్షరం నిషిద్ధమనాలి. అప్పుడు వెదుక్కొని తెచ్చిన మాటకు బలముంటుంది.

పాశ్చాత్యులలో దీనికి మంచి దృష్టాంతమున్నది. 1972లో బీబీసీలో జాన్ బెర్జర్ "వేస్ ఆఫ్ సీయింగ్" అని నాలుగు భాగాల కార్యక్రమం చేశాడు. వర్ణచిత్రాలను మనం ఎలా చూస్తున్నాము, ఎవరు మనచేత అలా చూపిస్తున్నారు అన్నది విషయం. దాని ఆధారంగా వచ్చిన పుస్తకం మీద బెర్జర్ పేరు ప్రసిద్ధమయినా, అది అయిదుగురు కలిసి చేసినదని ఆ పుస్తకమే చెప్పుకుంటుంది. అయిదుగురు! మా పిల్లల లెక్కే. మొదటి భాగం చివర బెర్జర్ ప్రేక్షకులను హెచ్చరిస్తాడు. ఈ బొమ్మలను ఈ వరుసలో పేర్చినది నేను, నా ప్రయోజనం కోసం పేర్చాను, కాబట్టి నన్ను కూడా అనుమానించండి అని ఆయన మాటల తాత్పర్యం. బొమ్మ పక్కన ఇడ్లీపాత్ర పెట్టి నవ్వు చప్పుడు కలిపే ప్రతివాడూ ఈ హెచ్చరికను ఒకసారి తనకు తాను చెప్పుకోవాలి. కాగితం మీద వ్యాసకర్త మోసం చేస్తే పాఠకుడు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటాడు. వీణ వాయిస్తూ మోసం చేస్తే తల ఊపుతాడు.

కెమెరా ఎక్కడ నిలబెట్టామన్నది కూడా విమర్శలో భాగమే. ఆకాశంనుంచి చూస్తే ఏ భవనమైనా బొమ్మే, ఏ మనిషైనా చీమే. ఆకాశంనుంచి చూసేవాడు కొనుగోలుదారుకు స్థలం చూపించే వ్యాపారి. అమెరికాలో విలియం వైట్ అనే ఆయన 1970 దశకంలో న్యూయార్కు నగరపు కూడళ్ళ దగ్గర కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఏ చోటు ఖాళీగా ఉంటున్నది అని గంటలకొద్దీ చిత్రించాడు. కోట్లు పోసి కట్టిన ఆవరణలు కొన్ని బోసిగా ఉన్నాయి. కొన్ని కిటకిటలాడుతున్నాయి. ఆయన తేల్చిన ముఖ్యమైన సంగతి వింటే మీకు నవ్వు రావచ్చు: కూర్చోవడానికి చోటున్నచోట జనం కూర్చుంటారు. ఆ చిన్న సత్యాన్ని దృశ్యాలతో రుజువుచేసినందువల్ల 1975లో ఆ నగరం అటువంటి ఆవరణల నిబంధనలనే మార్చుకున్నది. 1980లో ఆ పరిశోధన చలనచిత్రంగా, పుస్తకంగా వచ్చింది. మా అన్నయ్య ఆయన పేరు ఎన్నడూ విని ఉండడు. ప్రశ్న మాత్రం అదే అడిగాడు.

మరునాడు ఉదయం తొమ్మిదింటికి అయిదుగురినీ వెంటబెట్టుకొని మా పేట చివర బస్సు ఆగేచోటికి తీసుకుపోయాను. డ్రోను ఇంట్లో పెట్టి రమ్మన్నాను. గంటసేపు ఊరికే చూడండన్నాను. అక్కడ తూర్పుముఖంగా రేకుల చావడి ఉన్నది. బల్ల ఉన్నది, కొత్త రంగు వేశారు. బల్లమీద ఒక్కరూ లేరు. ఎండ సరిగ్గా దానిమీదే పడుతున్నది. జనమంతా చావడి వెనుక గోడనీడలో నిలబడ్డారు. అక్కడినుంచి బస్సు కనిపించదు. డ్రైవరుకు వాళ్ళు కనిపించరు. అందుకని ఒక ముసలమ్మ తన మనవణ్ణి ఎండలో కాపలా పెట్టింది. వాడు కేకవేసినప్పుడల్లా అందరూ మూటాముల్లెలతో పరుగెత్తుకొచ్చారు. ఆ గంటలో ఇలా నాలుగుసార్లు జరిగింది. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "తాతయ్యా, చావడి బాగోలేదని ఎవరూ అనరు చూశావా. అందంగానే ఉంది" అన్నాడు. విమర్శ వాడికి పట్టుబడిందని నాకు అప్పుడనిపించింది.

పిల్లలు దృశ్యవ్యాసాన్ని తిరగవ్రాశారు. ఆకాశం పోయింది, వీణ పోయింది. మొదట బస్సు చావడి. తరువాత మాకీ, రోజర్స్, దోషిల పోటీ, ఎవరేమి అడిగారు, ఎవరేమి ఇచ్చారు. తరువాత 2016 నాటి నవ్వులు. ఈసారి ప్రతి నవ్వు పక్కన ఒక ప్రశ్న: ఈ మాటలో కారణమేదైనా ఉన్నదా? చండీగఢ్ వచ్చింది. ఫోస్టర్ శిఖరం వచ్చింది. అంత ఎత్తు దేనికి, దాని నీడ ఎటు పడుతుంది, నడిచివచ్చేవాడికి అది ఏ పాటి ఆసరా అన్నవి వచ్చాయి. చివర అయిదుగురూ ఒక్కొక్కరే కెమెరా ముందు నిలబడి, తమ పేరు చెప్పి, తమ తీర్పు చెప్పారు. ఆ అమ్మాయికి మాకీ ఆకృతి ఇప్పటికీ నచ్చలేదు. ఎందుకో చెప్పింది. కూర్పు చేసినవాడు ఆమెతో ఏకీభవించలేదు. ఎందుకో చెప్పాడు. అన్నయ్య ప్రశ్నతో అది ముగిసింది. వెనక మాటలు నేనే చదివాను.

మార్కులు తగ్గాయి. జట్టులో ఏకాభిప్రాయం కుదరలేదని, ముగింపు బలహీనమని, దృశ్యాలలో ఆకర్షణ లేదని గురువుగారు వ్రాశారట. మొదటిదే పెట్టి ఉంటే బాగుండేదని జట్టులో ఇద్దరు ఇప్పటికీ అనుకుంటున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. మార్కులు వాళ్ళవి, ఉచితసలహా నాది. కాని ఆ గురువుగారికి, అటువంటి గురువులందరికీ సాటి ఉపాధ్యాయునిగా ఒక మాట విన్నవించుకుంటాను. అయిదుగురు యువకులు ఒకే వస్తువును చూసి రెండు తీర్పులు, రెండిటికీ కారణాలు చెప్పగలిగితే అది బలహీనమైన ముగింపు ఎలా అవుతుంది? ఒక భవనాన్ని మూడేళ్ళలో రెండుసార్లు గీసి, అయిదేళ్ళు ఆపి, మళ్ళీ మొదలుపెట్టిన చోట పుట్టిపెరిగిన పిల్లలండీ వాళ్ళు. రేపు వాళ్ళే గీస్తారు, వాళ్ళే కట్టిస్తారు. ఎవరు నవ్వుతారోనని గీయడం, ఎవరు మెచ్చుతారోనని కూర్చడం ఇప్పటినుంచే అలవాటు చేస్తే, ఎండలో బల్ల వేసి నీడలో జనాన్ని నిలబెట్టే చావడులే మనకు మిగులుతాయి.

నా పూచీగా నేనొక పని చేశాను. నాటి ఆటవెలది వ్రాసుకున్న పుస్తకం వెదికి తీసి, ఆ పద్యం కింద తేదీ వేసి, "చూడక చెప్పినది" అని వ్రాసి సంతకం చేశాను. కొట్టివేయలేదు. యతి బాగా కుదిరింది మరి.

అన్నయ్య కంటికి శస్త్రచికిత్స అయింది, చూపు బాగున్నది. నిన్న ఫోను చేసి, "పిల్లలు ఆ కూర్చునే చోటు సంగతి కనుక్కున్నారా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. కనుక్కోమను అన్నాడు.

స్వస్తి.